రెండో పుట

మా ఇంటికి మైలు దూరంలో ఒక చిన్న భోజనశాల ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు గట్టున ఉన్న అనేక ఊళ్ళలో మాదీ ఒకటి. అటు బట్టలుతికే మరల దుకాణానికీ, ఇటు పన్నుల లెక్కలు చూసిపెట్టే ఆసామి గదికీ నడుమ ఇరుక్కుని, పన్నెండు బల్లలతో ఉంటుందది. బోర్డు మీద 'బర్మీస్, థాయ్ వంటకాలు' అని రాసి ఉంటుంది. భోజనపట్టిక (మెనూ అనండి, నాకు అభ్యంతరం లేదు) ఒకే ఒక అట్ట. మొదటి పుట థాయి వంటలు, తిప్పితే రెండో పుట బర్మా వంటలు. ఆరేళ్ళుగా అక్కడికి వెళ్తున్నాను. ఈ ఆరేళ్ళలో ఆ అట్ట తిప్పి చూసిన పాపాన పోలేదు. కూర్చోవడం, పాడ్ థాయ్ అనడం, తినడం, లేవడం. ఇంతే.

ఇందులో సిగ్గుపడవలసిన సంగతి ఏముందంటారా? మా నాన్నగారు పుట్టింది రంగూన్‌లో.

ఉత్తరాంధ్ర వాళ్ళకు రంగూన్ అంటే తెలియకపోవచ్చునేమో గానీ రంగం అంటే తెలుస్తుంది. ఒకప్పుడు కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి బంగాళాఖాతం దాటి బతకబోయిన చోటు అది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే అక్కడ మనవాళ్ళకు జాతిపేరైపోయింది; తెలుగు కూలీలందర్నీ 'కోరంగీలు' అనేవారు. రేవులో బస్తాలు దించినా, ధాన్యపు మిల్లుల్లో పనిచేసినా, రిక్షాలు లాగినా చాలావరకు వీళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే ఉన్నారంటే ఇప్పుడు నమ్మశక్యం కాదు. అంతకు ముందు సంవత్సరమే, 1930 మే నెలలో, తెలుగు రేవు కూలీలు సమ్మె చేయడం, వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకోవడం, సమ్మె తీరాక వారిని పొమ్మనడం, దానిమీద రేగిన అల్లర్లలో మనవాళ్ళు ఎందరో చచ్చిపోవడం జరిగింది. 1937లో బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. 1941 డిసెంబరులో జపాను వాడు బాంబులు వేస్తే లక్షలాది మంది కొండలూ అడవులూ పడి అస్సాం వైపు నడిచారు. దారిలో పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఇళ్ళు చేరారు. యుద్ధం ముగిశాక వారిలో కొందరు మళ్ళీ రంగం వెళ్ళారు. మా తాతగారు ఆ మళ్ళీ వెళ్ళినవాళ్ళలో ఒకరు.

చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నారట. నాన్నగారు 1953లో పుట్టారు. 1962లో సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశారు. ఆ మే నెలలోనే యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. తాతగారి గల్లాపెట్టెలో ఉన్నవి ఆ నోట్లేనట. పదకొండేళ్ళ నాన్నగారితో సహా అందరూ ఓడ ఎక్కి విశాఖపట్నంలో దిగారు. విశాఖలో 'బర్మా క్యాంపు' అనే పేట పేరు వెనుక ఉన్నది ఇలాంటి కుటుంబాల కథే.

ఇదంతా నాకు నాన్నగారు చెప్పినది కాదు. కొంత పుస్తకాల్లో చదివినది, కొంత మా మామ్మ గొణుక్కుంటుండగా విన్నది. మా ఇంట్లో రంగం నుంచి వచ్చిన వస్తువు ఒకటుండేది, నల్లటి లక్కపూత మీద ఎర్రటి గీతలున్న తమలపాకుల డబ్బా. మామ్మ పోయాక అది అటక ఎక్కింది. రంగం గురించి నేను ఏది అడిగినా నాన్నగారు "అప్పుడు మేం చిన్నపిల్లలం రా, ఏం గుర్తుంటాయి?" అనేవారు. ఓడరేవులో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసి, ఏ ఓడ ఏ తేదీన వచ్చిందో కాగితం చూడకుండా చెప్పగలిగే మనిషికి పదకొండేళ్ళ బతుకు గుర్తులేకపోవడం ఏమిటని నాకు తోచలేదు. పిల్లలకు తల్లిదండ్రుల మీద ఉండే అశ్రద్ధ అటువంటిది.

రెండేళ్ళ క్రితం వేసవిలో అమ్మా నాన్నగారూ మా దగ్గరికి వచ్చారు. ఒక శనివారం సాయంత్రం వాళ్ళని ఆ భోజనశాలకు తీసుకెళ్ళాను. నిజం చెప్పాలంటే బర్మా ప్రసక్తి నా మనసులో లేనే లేదు. దగ్గరగా ఉంది, కారంగా ఉంటుంది, అన్నం దొరుకుతుంది. మా వాళ్ళకు ఈ మూడూ చాలు.

అమ్మ శనివారం నీచు ముట్టదు. థాయి వంటల్లో నీచు లేనిది ఏరడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. కంటికి కనబడే కోడీ రొయ్యా తీసేయమంటే తీసేస్తారు గానీ, చేపలను ఉప్పులో మాగబెట్టి తీసిన రసం వాళ్ళకు మన చింతపండు పులుసంత సహజం. దేనిలో పడితే దానిలో పోస్తారు. పచ్చికూర మిశ్రమంలోనూ రొయ్యల ముద్ద ఉంటుంది. ఆ పుటలో 'క్రపావ్' అని ఒక వేపుడు కనిపిస్తే, అందులో వేసే ఆకు మన తులసేనని నేను తెలివితక్కువగా చెప్పాను. "తులసిని వేపుడులో వేస్తారా!" అని అమ్మ నావైపు చూసిన చూపు, ఆ వంట కనిపెట్టింది నేనే అన్నట్టుంది.

ఈ సంభాషణ జరుగుతుండగా నాన్నగారు అట్ట తిప్పారు.

మొదట నేను గమనించలేదు. అమ్మే నా మోచేతిని పొడిచింది. నాన్నగారు రెండో పుట మీద చూపుడువేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లవాడిలా పెదవులు కదుపుతున్నారు. వంటకాల పేర్ల కింద బర్మా లిపిలోనూ రాసి ఉంది. సున్నాలూ అరసున్నాలూ గొలుసుకట్టుగా పేర్చినట్టుండే ఆ లిపికీ మన లిపికీ దూరపు చుట్టరికం ఉంది. రెండూ బ్రాహ్మి సంతానమే. రెండింటి గుండ్రదనానికీ తాటాకే కారణమంటారు, తిన్నని గీతలు గీస్తే ఆకు చీలిపోతుంది కనుక. నాన్నగారి వేలు ఒక చోట ఆగింది. "లఫెట్" అన్నారు. కాసేపాగి, "మొహింగా" అన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళజోడునే.

"ఏవండీ, మీకు ఇది చదవడం వచ్చా?" అంది అమ్మ. వాళ్ళ పెళ్ళయి అప్పటికి నలభై అయిదేళ్ళు.

"అయిదో తరగతి దాకా చదివాను కదా" అన్నారాయన, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

భోజనశాల యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. మామూలుగా గల్లాపెట్టె దగ్గరే ఉంటారు. ఆ రోజు వడ్డించే కుర్రాడు రాలేదో ఏమో, ఆవిడే కలం పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చారు. నాన్నగారు లేచి నిలబడ్డారు. రెండు చేతులూ గుండె మీద కట్టుకుని, కొంచెం తల వంచి, "మింగలాబా" అన్నారు.

ఆవిడ కలం పక్కన పెట్టి గట్టిగా నవ్వారు. తర్వాత తెలిసింది ఎందుకో. 'మింగలా' అంటే మన మంగళమే, పాళీ నుంచి వాళ్ళకు వచ్చింది. అయితే ఆ పలకరింపు ఇళ్ళలో వాడేది కాదు. బళ్ళో పంతులమ్మ లోపలికి రాగానే పిల్లలంతా చేతులు కట్టుకుని ఏకకంఠంతో చెప్పేది. డెబ్బై ఏళ్ళ తెలుగాయన లేచి నిలబడి చేతులు కట్టుకుని పంతులమ్మకు చెప్పినట్టు చెబితే ఆవిడకు నవ్వు రాక ఏమవుతుంది? ఇళ్ళలో, వీధుల్లో పలకరింపు వేరు. దాన్ని ఆవిడ అన్నారు: "తమిన్ సా పీబి లా?" అన్నం తిన్నారా, అని అర్థం. నేను నాన్నగారి ముఖం చూసి అర్థం చేసుకున్నాను, ఎందుకంటే మా ఊళ్ళో ఎవరైనా ఎదురుపడితే నాన్నగారు అడిగే మొదటి మాటా అదే.

ఆ తర్వాత మేము ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఆవిడే తెచ్చి పెట్టారు.

మొదట లఫెట్ తోక్ వచ్చింది. తేయాకుతో చేసిన పచ్చడి లాంటి కలగలుపు. లేత తేయాకును ఆవిరి మీద ఉడికించి, నొక్కి కూరి, నెలల తరబడి ఊరబెడతారు. దాన్ని వేయించిన వెల్లుల్లి, నువ్వులు, వేరుశనగలు, బఠాణీలు, టమాటా, సన్నగా తరిగిన క్యాబేజీతో కలిపి నిమ్మరసం పిండుతారు. ఎండురొయ్యలు కూడా వేస్తారు గానీ అమ్మ శనివారం సంగతి నాన్నగారు బర్మీస్‌లోనే చెప్పారు. టీ ఆకును తాగడమే కాక తినే జాతి ఇది. పూర్వం వ్యాజ్యం తీరాక ఉభయపక్షాలూ లఫెట్ తింటే తీర్పుకు ఒప్పుకున్నట్టు లెక్కట. వగరు, పులుపు, కరకర, ఏది ముందు వస్తుందో తెలియదు. మొదటి ముద్దకు నాకు నచ్చలేదు. మూడో ముద్దకు పళ్ళెం నావైపు జరుపుకున్నాను.

అమ్మ కోసం పసుపుపచ్చని ముక్కలేవో వచ్చాయి. టోఫూ అన్నారు. అమ్మ ఒకటి కొరికి, కాసేపు నమిలి, "ఇది సోయా కాదు, మన శనగపిండి" అని తేల్చింది. నిజమే. షాన్ రాష్ట్రపు టోఫూ శనగపిండిని నీళ్ళలో కలిపి పసుపు వేసి ఉడికించి గడ్డకట్టించినది. ఆనపకాయ బజ్జీలు వచ్చాయి. సమోసాలు చిదిమి క్యాబేజీ, పుదీనాతో కలిపినది వచ్చింది. సమోసా ఎవరి వెంట అక్కడికి వెళ్ళిందో వేరే చెప్పాలా? కూర వండేటప్పుడు నూనె పైకి తేలేవరకు వేయించడానికి వాళ్ళు 'సీ బ్యాన్' అంటారట, నూనె తిరిగి రావడమని. మా అమ్మ వంట నేర్పేటప్పుడు చెప్పే మాట 'నూనె తేలనీ' అనే.

చివరికి నాన్నగారి ముందు మొహింగా పెట్టారు. సన్నని బియ్యపు సేమ్యా మీద చేపల పులుసు. అందులో నిమ్మగడ్డి, అల్లం, శనగపిండి, గుండ్రంగా తరిగిన అరటి దూట. బర్మా వాళ్ళకు ఉదయపు ఫలహారం అది. ఆయన చెంచా తీసుకోలేదు. గిన్నెను రెండు చేతులతో ఎత్తి ముందు వాసన చూశారు.

"మామ్మ వండేదా?" అన్నాను.

"కాదు రా. అక్క కొనిపెట్టేది. బడికి వెళ్ళే దారిలో."

మా నాన్నగారికి అక్క ఉన్నట్టు నాకు తెలియదు. అమ్మకు తెలుసట. పేరు తెలుసు, అంతే. 1964లో ఆవిడకు పందొమ్మిదేళ్ళు. అప్పటికే ఇన్సీన్‌లో రైల్వే పనివాడికిచ్చి పెళ్ళి చేశారు. వాళ్ళూ తెలుగువాళ్ళే గానీ ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్ళు. కనుక ఆవిడ ఉండిపోయింది. మిగిలినవాళ్ళు వచ్చేశారు. కొన్నేళ్ళపాటు ఏడాదికి ఒకటో రెండో ఉత్తరాలు వచ్చేవి. తర్వాత రావడం మానేశాయి. తాతగారు రెండుసార్లు రాస్తే జవాబు లేదు. మామ్మ చివరి రోజుల్లో గొణుక్కున్నది ఎవరితోనో నాకు ఆ బల్ల దగ్గర అర్థమైంది.

పెద్దావిడ ఒక కుర్చీ లాక్కుని మా దగ్గర కూర్చున్నారు. నాన్నగారు ఆవిడను 'అమ' అని పిలుస్తున్నారు. అమ్మ అనుకుని మా అమ్మ సంతోషించింది గానీ, ఆ మాటకు బర్మీస్‌లో అక్క అని అర్థం. బర్మీస్ సగం, ఇంగ్లీషు సగంగా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. ఆవిడది మాండలేకు చెందిన చైనా కుటుంబం. 1967లో చైనా వాళ్ళ మీద అల్లర్లు జరిగాక దేశం విడిచారు. "మమ్మల్ని బళ్ళో 'కల' అనేవారు" అన్నారు నాన్నగారు. పరాయి నల్లవాడని ఎగతాళి ఆ మాటలో. "మమ్మల్ని 'తయోక్' అనేవారు" అన్నారావిడ. ఇద్దరూ నవ్వారు. తమను పొమ్మన్న దేశపు భాషలో, మూడో దేశంలో కూర్చుని, ఇద్దరు పరాయివాళ్ళు ఒకరినొకరు ఊరివాళ్ళలా పలకరించుకోవడం నేను అప్పుడే చూశాను. కోపం ఉందేమోనని వెతికాను. దొరకలేదని అనను గానీ, ఆ పూట బల్ల మీద దానికి చోటు లేదు.

మొదటి పుటంతా థాయి వంటలెందుకని నేను ఆవిడను అడిగాను. మొదట్లో బోర్డు మీద బర్మా ఒక్కటే ఉండేదట. జనం గుమ్మం దాకా వచ్చి, అదెక్కడుందని అడిగి వెళ్ళిపోయేవారు. థాయి అని చేర్చాక కుర్చీలు నిండాయి. 2002లో థాయి ప్రభుత్వం తమ వంటను దేశదేశాలకూ చేర్చాలని పనిగట్టుకుని ఒక పథకమే పెట్టింది. పాడ్ థాయ్‌కి ప్రచారం అంతకు చాలా ముందు, సయాం పేరు థాయిలాండ్‌గా మారిన 1939 తర్వాతి రోజుల్లోనే మొదలైంది. బర్మాకు అలా చెప్పుకునే నాథుడు లేడు. 1767లో బర్మా సేనలు అయోధ్య పేరు పెట్టుకున్న అయుత్థయ నగరాన్ని నేలమట్టం చేశాయి. ఇవాళ ఆ థాయి పుట నీడలో బర్మా పుట బతుకుతోంది. "ఆ పుట అద్దె కడుతుంది, ఈ పుట కోసం నేను తలుపు తీస్తాను" అన్నారావిడ. ఆరేళ్ళపాటు నేను అద్దె కట్టాననుకుని కొంత ఊరట చెందాను.

చివర్లో నాన్నగారు అడిగారు, అడగరేమోనని నేననుకుంటున్నది. ఇన్సీన్ వైపు ఎవరైనా తెలుసా అని. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. తెలియదన్నారు. తెలియనప్పుడు తెలుస్తుందేమోనన్న ఆశ పెట్టకుండా తెలియదని చెప్పడం కూడా మర్యాదే. నాన్నగారు తల ఊపి, కాగితపు తుండు ఒకటి తీసుకుని, నా కలం అడిగి, దాని మీద నెమ్మదిగా గుండ్రటి అక్షరాలు రాశారు. అక్క పేరు. అరవై ఏళ్ళ తర్వాత రాసినది. సరిగా ఉందా అని ఆవిడకు చూపించారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, ఒక అక్షరం పక్కన చిన్న చుక్క పెట్టారు. నాన్నగారు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

కథలైతే ఇక్కడ అత్తయ్య దొరకాలి. దొరకలేదు. తెలిసిన దారుల్లో వాకబు చేశాను. 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైన్యం గద్దెనెక్కినప్పటి నుంచీ అక్కడి పరిస్థితి మీకు తెలిసిందే, మనుషుల్ని వెతకడానికి అనువైన కాలం కాదది. ఆవిడ బతికుంటే ఎనభై ఏళ్ళు ఉంటాయి. నాన్నగారు విశాఖ వెళ్ళాక అటక మీది లక్క డబ్బా దింపించారని అమ్మ ఫోనులో చెప్పింది. మడత పెట్టిన కాగితం అందులో ఉందట. ఇంకో మాట కూడా చెప్పింది. ఒక ఆదివారం ఆయనే వంటింట్లోకి వెళ్ళి, అరటి దూట తరిగి, శనగపిండి వేసి, చేపల పులుసు పెట్టారట. పెళ్ళయినప్పటి నుంచీ పొయ్యి దగ్గరికి రాని మనిషి. "బాగుందా?" అన్నాను. "నూనె తేలనివ్వలేదు" అంది అమ్మ.

ఇది చదివే మిత్రుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళు ఉంటే ఒక మనవి. మీ ఇళ్ళలోనూ ఒక లక్క డబ్బా ఉండే ఉంటుంది, లేదా ఒక బర్మా టేకు పెట్టె, లేదా "రంగం వెళ్ళి రానివాడు" అని చెప్పి ఆపేసిన ఒక పేరు. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. "గుర్తులేదు" అంటారు. నమ్మకండి. కడుపుకు తినడానికి ఏదైనా ఎదురుగా పెట్టి అడగండి.

నేను ఇప్పటికీ ఆ భోజనశాలకు వెళ్తున్నాను. పాడ్ థాయ్ మానలేదు. అద్దె కట్టాలి కదా. కానీ అట్ట తిప్పుతున్నాను.